నౌపడ చిన్న లైను ఇంజనుకు మళ్ళీ ఆవిరి పట్టించండి

సంపాదకులకు నమస్కారం.

నౌపడ – గుణుపురం చిన్న లైను మీద దశాబ్దాల పాటు నడిచి, ఆ తరువాత రంగు పూయించుకొని దిమ్మెల మీద నిలిచిపోయిన ఆవిరి ఇంజన్లలో కనీసం ఒక్కదాన్నయినా తిరిగి నడిచే స్థితికి తీసుకురావాలనీ, ఆ పనిలో మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల స్వచ్ఛంద కార్యకర్తలకు రైల్వే శాఖ చోటు కల్పించాలనీ కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. ఐటీఐలో ఫిట్టరు ట్రేడు బోధించి పదవీ విరమణ చేసినవాడిని. ఆ పాత ఇంజన్ల మీద నాకు అభిమానం ఉన్న మాట నిజమే గాని, ఇక్కడ చెప్పబోయేది చాలావరకు పని లెక్క.

పర్లాకిమిడి సంస్థానాధీశులు పూనుకొని వేయించిన ఈ లైను గేజి (రెండు పట్టాల మధ్య దూరం) రెండడుగుల ఆరంగుళాలు, అంటే 762 మిల్లీమీటర్లు. నౌపడ నుంచి పర్లాకిమిడి వరకు సుమారు 40 కిలోమీటర్ల మేర 1900 ఏప్రిల్ 1న రాకపోకలు మొదలయ్యాయి. 1931 నాటికి లైను గుణుపురం చేరి మొత్తం 90 కిలోమీటర్లయింది. 1936లో ఒడిశా వేరు పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్ళింది, నౌపడ, టెక్కలి, పాతపట్నం ఇటు మిగిలాయి. బండి మాత్రం సరిహద్దును పట్టించుకోకుండా రెండు వైపుల జనాన్నీ ఎక్కించుకుంటూనే నడిచింది. తొలినాళ్ళలో నీళ్ళూ బొగ్గూ తమ మీదే మోసుకునే చిన్న ట్యాంకు ఇంజన్లు, తరువాతి కాలంలో వాటిని వెనుక తగిలించిన పెట్టెలో మోసే, ఎనిమిది చోదక చక్రాల టెండరు ఇంజన్లు ఆ బళ్ళను లాగాయి. తొంభైలలో డీజిలు ఇంజన్లు వచ్చాయి. 2004లో బ్రాడ్‌గేజి కోసం చిన్న లైను మూసేశారు. 2010లో పర్లాకిమిడికీ, 2011లో గుణుపురానికీ పెద్ద రైలు వెళ్ళింది. గేజి మార్పు అవసరమే, దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. అయితే వందేళ్ళకు పైగా ఒక ప్రాంతానికి దారి చూపిన ఆ లైనులో ఈనాడు నడిచే చక్రం ఒక్కటి కూడా మనకు మిగలలేదు.

దిమ్మె మీద ఇంజను కనబడగానే దాన్ని భద్రపరిచారని మనం సంతోషిస్తాం. ఇనుము సంగతి తెలిసినవారికి ఆ సంతోషం నిలవదు. చివరిసారి నిప్పు దించిన నాడు బాయిలరులోని నీళ్ళు పూర్తిగా వదిలి, లోపల తడి ఆరబెట్టి, పొగ గొట్టం కింద ఉండే స్మోక్‌బాక్సులోని బూడిదను గీకి తీసి, పొగ గొట్టానికి గట్టి మూత వేస్తే తప్ప ఇంజను లోపలి నుంచి తినుకుపోవడం మొదలవుతుంది. బొగ్గు మసిలోనూ బూడిదలోనూ గంధకం ఉంటుంది. మూత లేని గొట్టంలోంచి పడే వాన నీటితో కలిసి అది ఆమ్లంగా మారి అడుగు రేకును కొరుకుతుంది. ఏటా పైన పూసే నల్ల రంగు ఆ తుప్పును కళ్ళకు కనబడనీయదు, ఆపనూ ఆపదు. పైగా మనది సముద్రపు ఒడ్డు. నౌపడ ఉప్పు మళ్ళ మీదుగా వీచే గాలికి కిటికీ ఊచలే నాలుగేళ్ళు నిలవవని ఆ చుట్టుపక్కల ఇల్లు కట్టుకున్న ప్రతివారికీ తెలుసు. అటువంటి గాలిలో కప్పు లేకుండా ఆరుబయట నిలబెట్టిన ఇంజనును భద్రపరిచిన వస్తువుగా లెక్కించడం సరికాదు.

నడిచే స్థితికి తేవడం అంటే ఏమిటో కొంచెం వివరంగా చెప్పాలి. తుడిచి, నూనె వేసి, నిప్పు పెడితే కదులుతుందనుకునేవారు ఉన్నారు. అసలు కదలదని కొట్టిపారేసేవారూ ఉన్నారు. రెండూ పొరపాటే. మొదట చేయవలసింది వేడి బయటికి పోకుండా బాయిలరు చుట్టూ చుట్టిన పాత లాగింగును పరీక్షించడం. ఆ కాలపు ఇంజన్లలో అది ఆస్‌బెస్టాస్ అయి ఉండే అవకాశం ఎక్కువ, దాని ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకం; కాబట్టి శిక్షణ పొందినవారు తగిన రక్షణతో దాన్ని తొలగించే వరకు స్వచ్ఛంద కార్యకర్త ఎవరూ ఇంజను మీద చెయ్యి వేయకూడదు. ఆ తరువాత నిప్పు మండే ఫైర్‌బాక్సు నుంచి స్మోక్‌బాక్సు దాకా బాయిలరు పొడవునా సాగే ట్యూబులన్నింటినీ ఊడదీయాలి. పాత ట్యూబులను తిరిగి వాడాలని ఆశపడకుండా కొత్తవి వేయడానికే సిద్ధపడాలి. ట్యూబులు తీశాక గాని బాయిలరు లోపలి గోడలు కంటికి కనబడవు. అప్పుడు రేకు మందాన్ని అంగుళం అంగుళం అల్ట్రాసోనిక్ పరికరంతో కొలిచి, డ్రాయింగులోని మందంతో పోల్చి చూడాలి. ఫైర్‌బాక్సు లోపలి పెట్టెనూ బయటి పెట్టెనూ కలిపి పట్టి ఉంచే స్టేలు అనే కడ్డీలు వందల సంఖ్యలో ఉంటాయి. పాత బాయిలరు మేకర్లు చిన్న సుత్తితో ఒక్కొక్కదాన్నీ తట్టి, మోగే తీరును బట్టి ఏది విరిగిందో చెప్పేవారు. పరికరాలు ఎన్ని వచ్చినా ఆ చెవికి ఇప్పటికీ పని ఉంది.

ఇదంతా అయ్యాక బాయిలరును నీళ్ళతో అంచుల దాకా నింపి, లోపల గాలి లేకుండా చేసి, పని చేసే ఒత్తిడికి సాధారణంగా ఒకటిన్నర రెట్లు ఒత్తిడి పెట్టి పరీక్షిస్తారు. నీరు కుదించుకుపోదు కనుక ఆ పరీక్షలో ఎక్కడైనా రేకు వదిలినా నీళ్ళు కారతాయి గాని బాయిలరు పేలదు. అందులో నెగ్గినదానికే ఆవిరి పరీక్ష పెడతారు. సేఫ్టీ వాల్వులు సరిగ్గా నిర్ణయించిన ఒత్తిడి దగ్గర తెరుచుకోవాలి, గేజి గ్లాసులు రెండూ ఒకే నీటి మట్టాన్ని చూపాలి, ఇంజెక్టర్లు రెండూ బాయిలరులోకి నిలకడగా నీరు తోడాలి. ఫైర్‌బాక్సు పైకప్పులో సీసం నింపిన లెడ్ ప్లగ్గు ఒకటి ఉంటుంది. నీటి మట్టం తగ్గి పైకప్పు బయటపడితే ముందుగా ఆ సీసం కరిగి, ఆవిరి నిప్పు మీదికి చిమ్మి ఫైర్‌మన్‌ను హెచ్చరిస్తుంది. ఇంత చిన్న వస్తువు మీద మనుషుల ప్రాణాలు ఆధారపడి ఉంటాయి. బాయిలరు సంగతి తేలాక చక్రాలు, ఇరుసు కొనలను పట్టి ఉంచే యాక్సిలు బాక్సులు, మెత్తని మిశ్రలోహమైన వైట్ మెటల్ బేరింగులు, పిస్టన్లు, వాల్వులు, రాడ్లు వస్తాయి. అదంతా ఫిట్టర్ల పని, ఓపికతో నేర్పితే కుర్రవాళ్ళు చేయగలిగిన పని.

ఈ పని స్వచ్ఛంద కార్యకర్తలకు సాధ్యమా అని సందేహించేవారు వేల్స్‌లోని టాలిల్లిన్ రైలు కథ తెలుసుకోవాలి. దాని గేజి రెండడుగుల మూడంగుళాలు, మన చిన్న లైను కంటే మూడంగుళాలు తక్కువ. 1950లో యజమాని మరణించగా అది మూతపడే దశకు వచ్చింది. అప్పటికి కదిలే స్థితిలో ఉన్న ఇంజను 1866 నాటి డోల్గోక్ ఒక్కటే. కొందరు అభిమానులు సంఘంగా ఏర్పడి 1951 మే నెలలో బండి నడిపారు. స్వచ్ఛంద కార్యకర్తలు నిలబెట్టిన రైలు మార్గాల్లో ప్రపంచంలోనే అది మొదటిది, ఇప్పటికీ నడుస్తోంది. వారి తరువాత బ్రిటన్‌లో ఆ దారి పట్టినవారు ఎందరో. అదే వేల్స్‌లో బ్యారీ అనే రేవు పట్టణంలోని పాత ఇనుము యార్డుకు చేరిన 297 ఇంజన్లలో 213 ఇంజన్లను ఈ సంఘాలు కొనుక్కొని తీసుకుపోయాయి. వాటిలో కొన్ని ఇరవై ఏళ్ళకు పైగా సముద్రపు గాలిలో పడి తుప్పు పట్టినవే. మన ఇంజన్లు ఉప్పు గాలికి పాడైపోయాయి కాబట్టి ఇక లాభం లేదనే వాదన బ్యారీ ముందు నిలవదు.

ఆ ఇంజన్లలో ఒకదాని గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 1954లో క్రూ కార్ఖానాలో తయారైన డ్యూక్ ఆఫ్ గ్లౌస్టర్ అనే ఇంజను తన నమూనాలో ఒకే ఒక్కటి. బొగ్గు ఎక్కువ తింటుంది, ఆవిరి సరిగా పుట్టదు అనే చెడ్డపేరుతో 1962లోనే దాన్ని పక్కన పెట్టారు. సిలిండర్లు కూడా ఊడదీసిన స్థితిలో బ్యారీలో పడి ఉన్న దాన్ని 1974లో కార్యకర్తలు కొని, పన్నెండేళ్ళు శ్రమించి 1986లో పట్టాలెక్కించారు. ఆ క్రమంలో డ్రాయింగులతో పోల్చి చూస్తే, నిప్పు కింద ఉండే బూడిద తట్టలోకి గాలి వెళ్ళే ద్వారాలను డ్రాయింగులో ఉన్నంత పెద్దవిగా అసలు తయారు చేయనే లేదని తేలింది. ఆ లోపం సరిదిద్దాక అదే ఇంజను కొండ దారుల్లో అద్భుతంగా పనిచేసింది. తయారీదారులకూ నడిపినవారికీ అంతుపట్టని తప్పును సెలవు రోజుల్లో వచ్చి పనిచేసినవారు పట్టుకున్నారు. దిమ్మె మీద నిలబెట్టి ఉంటే ఆ నిజం ఎప్పటికీ బయటపడేది కాదు. పాత యంత్రాన్ని నడిచేలా చేయాలని నేను పట్టుబట్టడానికి ఇది పెద్ద కారణం.

మన దేశం కూడా ఇందులో వెనుకబడి లేదు. 1855లో ఇంగ్లండులోని లీడ్స్‌లో తయారైన ఫెయిరీ క్వీన్ 1909లో పని మానేసి, 1997లో మళ్ళీ ప్రయాణికుల బండి లాగింది. దానికి ఆ శక్తినిచ్చింది మద్రాసు పెరంబూరు లోకో వర్క్స్ కార్మికులు. హర్యానాలోని రేవాడీ షెడ్డులో ఆవిరి ఇంజన్లు నేటికీ నిప్పు రాజేసుకుంటున్నాయి. తిరుచ్చి పక్కన పొన్మలై కార్ఖానాలో నీలగిరి కొండ రైలు కోసం ఈ శతాబ్దంలోనే ఆవిరి ఇంజన్లను కొత్తగా తయారు చేశారు. అంటే బాయిలరు కట్టే విద్య రైల్వేలో ఇంకా బతికే ఉంది, అదీ మనకు సుమారు ఒక రోజు రైలు ప్రయాణం దూరంలో. అయితే ఇవన్నీ రైల్వే కార్ఖానాలు తమ ఉద్యోగులతో చేయించినవి. బయటి అభిమానికి చోటిచ్చిన సందర్భాలు అరుదు. పాటియాలా సంస్థానపు మోనోరైలు (ఒకే పట్టా మీద నడిచిన రైలు) అవశేషాలను అరవైలలో వెతికి పట్టుకున్న మైక్ సాటో రైల్వే ఉద్యోగి కాడు, భారతదేశంలో పనిచేస్తూ రైళ్ళ మీద ప్రేమ పెంచుకున్న ఆంగ్లేయుడు. ఆయన పూనికతో ఆ మోనోరైలు ఇంజను అమృత్‌సర్ కార్ఖానాలో మళ్ళీ నడిచే స్థితికి వచ్చి ఢిల్లీ రైలు మ్యూజియం చేరింది. ఆనాడు ఒక విదేశీయుడికి తెరిచిన తలుపును ఈనాడు టెక్కలి కుర్రవాళ్ళకు తెరవడానికి అభ్యంతరం ఏముంటుంది?

ఈ రెండు జిల్లాల్లో పనిమంతులకు కొదవ లేదు. ఆవిరి బళ్ళ మీద ఫైర్‌మన్లుగా, డ్రైవర్లుగా, షెడ్డు ఫిట్టర్లుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు మన ఊళ్ళలో ఉన్నారు. చెరకు ఫ్యాక్టరీల్లోనూ, నెల్లిమర్ల, రాజాం జూట్ మిల్లుల్లోనూ బాయిలర్ల దగ్గర జీవితం గడిపినవారు ఉన్నారు. ఒత్తిడి అంటే ఏమిటో, నీటిలో ఉప్పుంటే బాయిలరుకు ఏమవుతుందో వారికి పుస్తకం చూడకుండా తెలుసు. సారవకోట మండలం బుడితిలో తరతరాలుగా ఇత్తడి, కంచు పోతపోసే కుటుంబాలు ఉన్నాయి. ఆవిరి ఒత్తిడి తగిలే వాల్వులు, కాక్‌ల వంటివి పరీక్షించిన గన్‌మెటల్‌తో గుర్తింపు పొందిన కార్ఖానాలోనే చేయించాలి, అందులో మొహమాటం పనికిరాదు. కాని నంబరు పలకలు, నూనె గిన్నెలు, పిడులు, బాయిలరు పట్టీలు బుడితి చేతుల్లో తయారైతే ఆ ఇంజను పూర్తిగా మన జిల్లాదవుతుంది. ఇక ఐటీఐ విద్యార్థులు. నా విద్యార్థులు ఏటా ఇనుప ముక్కను ఆకురాయితో చదరంగా రుద్ది, మార్కులు పడ్డాక దాన్ని పారేసేవారు. అదే చెయ్యి ఒక యాక్సిలు బాక్సుకు వైట్ మెటల్ గీకి అమర్చితే, ఆ పిల్లవాడు నేర్చుకున్నది జన్మలో మరచిపోడు.

ఎవరు ఏ పని చేయాలన్న గీత స్పష్టంగా ఉండాలి. బాయిలరు రేకు కోయడం, అతకడం, స్టేలు మార్చడం బాయిలరు పనికి అర్హత పత్రం ఉన్న వెల్డర్లు, బాయిలరు మేకర్లు మాత్రమే చేయాలి. పరీక్షించి సంతకం పెట్టే అధికారి ఈ పనికి పూనుకునే కార్యకర్తల సంఘంతో ఏ సంబంధమూ లేనివాడై ఉండాలి. విప్పడం, శుభ్రం చేయడం, కొలతలు తీయడం, ప్రతి భాగానికీ గుర్తు వేసి ఫొటోతో సహా నమోదు చేయడం, చట్రం పని, రంగు పని, చివరికి బండి నడిచే రోజుల్లో కాపలా కాయడం – ఇవి కార్యకర్తలవి. కార్యకర్తలందరికీ ప్రమాద బీమా ఉండాలి. బ్రిటన్‌లో ఇటువంటి ఇంజన్లను సాధారణంగా పదేళ్ళకోసారి పూర్తిగా విప్పి బాయిలరును మళ్ళీ పరీక్షిస్తారు, కనుక ఒకసారి నడిపించి చేతులు దులుపుకునే పని కాదిది. మధ్యలో బాయిలరు లోపలంతా కడిగే వాషవుట్లు ఉంటాయి, నిప్పు నెమ్మదిగా రాజేయడం ఉంటుంది. చల్లని బాయిలరును తొందరపెట్టి వేడి చేస్తే రేకులు సమంగా వ్యాకోచించక అతుకులు వదులుతాయి. ఉదయం బండి నడవాలంటే ముందు రాత్రే ఎవరో ఒకరు మేలుకోవాలి.

నడపడానికి చోటు కావాలి. చిన్న లైను కట్ట మీద ఇప్పుడు పెద్ద లైను ఉంది కనుక అక్కడ వీలుపడదు. ఒకటి రెండు కిలోమీటర్ల పొడవున 762 మిల్లీమీటర్ల పట్టా వేసుకోవడానికి రైల్వేకు గాని, రాష్ట్ర ప్రభుత్వానికి గాని చెందిన ఖాళీ స్థలం, చుట్టూ గోడ ఉన్న ఒక షెడ్డు చాలు. నౌపడతో ఆ లైనుకున్న బంధం ఎంతటిదైనా షెడ్డు మాత్రం సముద్రానికి దూరంగా, టెక్కలి వైపో పాతపట్నం వైపో ఉండాలని నా గట్టి అభిప్రాయం. ఉప్పు గాలి ఒక కారణం, మంచి నీరు రెండో కారణం. ఉప్పదనం ఉన్న నీటికి బాయిలరులో నురగ లేస్తుంది, ఆ నీరు ఆవిరితో కలిసి సిలిండర్లలోకి పోతే పిస్టన్లకే ముప్పు.

ప్రయాణికుల బళ్ళే సరిపోని ఈ జిల్లాల్లో పాత ఇంజను మీద డబ్బు పెట్టాలా అని అడిగేవారి బాధ న్యాయమైనది. ప్రయాణికుల సౌకర్యాల నిధుల నుంచి ఒక్క రూపాయి కూడా దీనికి మళ్ళించకూడదు. పర్యాటక శాఖ, పరిశ్రమల సామాజిక బాధ్యత నిధులు, ఊరి చందాలు, ఇక్కడి నుంచి వెళ్ళి ఇతర ప్రాంతాల్లో స్థిరపడినవారి విరాళాలు – వీటితోనే నడవాలి. మొత్తం ఎంత అవుతుందో బాయిలరు విప్పి చూడకుండా ఎవరూ చెప్పలేరు, చెప్పినా నమ్మకూడదు. అందుకే మొదట పరీక్షకు మాత్రమే అనుమతీ నిధులూ అడుగుతున్నాను. పరీక్షలో బాయిలరు పనికిరాదని తేలితే కొత్తది కట్టించడమా, ఆపేయడమా అని అప్పుడు ఆలోచించవచ్చు. పొగ గురించి అడిగేవారికి సమాధానం చిన్నదే: సెలవు దినాల్లో కిలోమీటరు దూరం తిరిగే ఒక చిన్న ఇంజను కాల్చే బొగ్గు కొద్దిపాటిదే.

విశాఖపట్నం కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే ఏర్పాటులో భాగంగా, నౌపడ – పర్లాకిమిడి మార్గాన్ని విశాఖపట్నం డివిజనులోనే ఉంచుతూ 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. కొత్త జోను తన వారసత్వ ప్రణాళికను రాసుకునేటప్పుడు, తూర్పు కోస్తా రైల్వే అధికారులతో మాట్లాడి, ఈ లైను ఇంజన్లు ఎక్కడెక్కడ, ఏ స్థితిలో ఉన్నాయో ఒక జాబితా తయారు చేయించి, వాటిలో బాయిలరు మెరుగ్గా ఉన్నదాన్ని ఎంచుకోవాలని కోరుతున్నాను. ఈలోగా ఏ ఇంజనుకూ తుప్పు మీద మరో పూత రంగు వేయవద్దు. పొగ గొట్టానికి మూత, నెత్తి మీద రేకు కప్పు వేస్తే చాలు. శ్రీకాకుళం, విజయనగరం ఎంపీలు ఈ విషయాన్ని రైల్వే మంత్రి దృష్టికి తీసుకువెళ్ళాలని మనవి.

తొందరపడుతున్నది ఇంజను కోసం మాత్రమే కాదు. దేశంలో బ్రాడ్‌గేజి ఆవిరి బళ్ళ రోజువారీ సేవ 1995 డిసెంబరుతో ముగిసింది. ఆవిరి రోజుల్లో నడివయసు డ్రైవరుగా ఉన్నాయన ఇప్పుడు ఎనభై దగ్గర పడి ఉంటాడు. బూడిద ఎక్కువగా ఉండే మన బొగ్గుతో నిప్పు పలుచగా ఎలా పరచాలి, గడ్డకట్టిన బూడిద అయిన క్లింకరును ఎప్పుడు విరగ్గొట్టాలి, ఎత్తు ఎక్కే ముందు నీటి మట్టం ఎక్కడ ఉంచుకోవాలి అన్నవి ఆయన చేతికి తెలిసినంతగా ఏ పుస్తకానికీ తెలియవు. కనుక రైల్వే అనుమతి వచ్చే వరకు ఆగకుండా చేయగలిగిన పని ఒకటుంది. నౌపడ, టెక్కలి, తెంబూరు, పాతపట్నం ప్రాంతాల్లో చిన్న లైను మీద పనిచేసినవారి కుటుంబాలు తమ ఇళ్ళలో ఉన్న పాత రూలు పుస్తకాలు, డ్యూటీ డైరీలు, డ్రాయింగులు, ఫొటోలు తూకానికి వేయకుండా దాచి, మీ పత్రిక స్థానిక విలేకరికి గాని, దగ్గరలోని శాఖా గ్రంథాలయానికి గాని తెలియజేయాలని కోరుతున్నాను. వాటిని స్కాన్ చేసి అసలు కాగితాలను అదే రోజు యజమానులకు తిరిగి అప్పగించే పని, పెద్దల మాటలను రికార్డు చేసే పని నేనూ, నా పాత విద్యార్థులు కొందరమూ చేయడానికి సిద్ధంగా ఉన్నాం.

భవదీయుడు,
విశ్రాంత ఐటీఐ ఫిట్టరు ట్రేడు బోధకుడు,
టెక్కలి, శ్రీకాకుళం జిల్లా.